గుర్వమ్మ రద్దు చేసిన బేరం

పెళ్లయిన రెండో నెలలో మేం హనీమూన్‌కు భువనగిరి పోయాం. ముగ్గురం పోయాం. నేను, మా ఆయన గిరి, మా అత్తమ్మ గుర్వమ్మ.

ఈ మాట ఫోన్లో చెబితే, డిగ్రీలో నా పక్కన కూర్చునే అమ్మాయి పడిపడి నవ్వింది. అత్తమ్మ తొడ ఎముకకు క్యాన్సర్ పాకిందని, రేడియేషన్ పెట్టించడానికి పోతున్నామని చెప్పాక ఆ నవ్వు టక్కున ఆగి, "అయ్యో, సారీనే" అంది. నాకు మాత్రం నవ్వు ఆగడం లేదు. ఏం చేయను? మెడలో పుస్తెలతాడుకు పసుపు ఇంకా ఆరలేదు. గిరి చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నా నాకు సంతోషమే, సరిగ్గా పెట్టుకున్నా సంతోషమే. అద్దంలో నా మెట్టెలు కనబడవు కాబట్టి, రోజుకు పదిసార్లు వంగి చూసుకుంటున్నాను.

అత్తమ్మ అది కనిపెట్టింది.

"నాకు రోగం లేస్తే మీ ఇద్దరికి షికారు దొరికింది" అంది ఆటో వెనక సీట్లో కాళ్లు చాపుకుని.

"అత్తమ్మా, గట్లంటవేంది?"

"ఏమంటిని? మంచిగనే ఉన్నది. ఎవలన్న ఒకలు సంబురంగ ఉండాలె గదా. ముగ్గురం ఏడుసుకుంట పోతే ఆటో ఆయన మనల్ని సావింటోళ్లనుకుంటడు."

మాది దేవరకొండ అవతలి ఊరు. మాది అంటే అత్తగారిది. గొర్రెల మందే వాళ్ల ఆస్తి. మామ బీరప్ప ఆ మందను విడిచి రాలేడు కాబట్టి మేం ముగ్గురమే బయల్దేరాం. నేను పుట్టి పెరిగింది చిట్యాలలో. మా బాపు ఐలేశంకు హైవే పక్కన టీ హోటల్ ఉంది. పెళ్లయ్యే దాకా నేను గొర్రెను దూరం నుంచి, మటన్‌ను దగ్గర నుంచి మాత్రమే చూసినదాన్ని.

నాలుగేళ్ల కింద అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేశారు. అది పోయిందనే అందరూ అనుకున్నారు. మా పెళ్లిలో కుంటుతూనే వడ్డించింది. ముల్లు గుచ్చుకుందంది. ముల్లు కాదు. డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూపించాడు. చెదలు పట్టిన దూలంలా ఉంది ఎముక. వెన్నులో కూడా ఒక చిన్న మచ్చ.

"రెండు వారాలు రేడియేషన్ పెడతాం. నొప్పి తగ్గుతుంది, ఎముక మెల్లగా గట్టిపడుతుంది. అప్పటిదాకా ఆ కాలు మీద బరువు వేయొద్దు. విరిగితే కష్టం" అన్నాడు డాక్టర్. తర్వాత, "జబ్బు మొత్తం పోతుందని మాత్రం చెప్పలేను" అన్నాడు.

అత్తమ్మ ఆ చివరి మాటను పక్కకు పెట్టింది. "నా కాళ్ల మీద నేను ఇంటికి పోతనా సారూ?" అని అడిగింది.

"కరెంటు పూర్తిగా పెట్టించుకుంటే, ఎముక విరగకుండా చూసుకుంటే, పోవచ్చు."

"పోవచ్చునా, పోతనా?"

డాక్టర్ నవ్వాడు. "పోతవమ్మా."

"గట్ల చెప్పు."

రేడియేషన్‌ను అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు. మేం కూడా అదే నేర్చుకున్నాం.

దవాఖానకు దగ్గరగా ఉంటుందని భువనగిరిలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఇంటివాళ్లు చోటే మియా, షగుఫ్తా ఆపా. చోటే మియాకు సొంత ఆటో ఉంది, రోజూ మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయేది ఆయనే. గతుకు వచ్చిన ప్రతిసారీ "అమ్మా, జర పట్టుకోండ్రి" అని ముందే అరుస్తాడు. గది ఒక్కటే కావడంతో షగుఫ్తా ఆపా తన పాత చద్దరు ఒకటి తెచ్చి మధ్యలో పరదా కట్టింది. దాని మీద పెద్ద పెద్ద గులాబీ పూలున్నాయి. "కొత్త జంట" అని నా చెవిలో అని నవ్వింది. అత్తమ్మ అది విన్నది. "పరదా నాకా, వాళ్లకా?" అని అడిగింది. షగుఫ్తా ఆపా సిగ్గుతో బయటికి ఉరికింది.

కిటికీలోంచి కోట ఉన్న రాతికొండ, కోట గుండు, కనిపిస్తుంది. సాయంత్రం ఎండకు అది కాల్చిన రొట్టెలా ఎర్రగా అవుతుంది. అది చూస్తూ గిరి, నేను ఒకే గిన్నెలో మరమరాలు తింటుంటే, నాకు లోకంలో ఇంకేం అక్కర్లేదనిపించేది. అంతలో మంచం మీద అత్తమ్మ పక్కకు తిరగబోయి "అమ్మా" అనేది. మరమరాలు నోట్లోనే ఆగిపోయేవి.

మొదటి రోజు కరెంటు పెట్టలేదు, గుర్తులు పెట్టారు. ఉమేరా అని ఒక అమ్మాయి, నా వయసే ఉంటుంది, మిషన్ నడిపేది ఆమే. అత్తమ్మను చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, స్కాన్ తీసి, తొడ మీద, నడుం పక్కన ఊదారంగు పెన్నుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీసింది.

"అమ్మా, ఈ గీతలు పోవద్దు. సబ్బు వద్దు, నూనె వద్దు, రుద్దొద్దు. మిషన్‌కు ఇవే దారి. ఎల్లుండి నుంచి షురూ."

అత్తమ్మ తల ఎత్తి ఆ గీతల వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే భయపడాలని అప్పటికి నాకింకా తెలియదు.

మర్నాడు వేడినీళ్లు అడిగింది. "నేనే పోసుకుంట, నువ్వు పో" అంది. స్టూలు వేసి, నీళ్లు పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాను. చాలాసేపు నీళ్ల చప్పుడు. తర్వాత రుద్దుతున్న చప్పుడు. బయటికి వచ్చేసరికి మొహం కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. ఆ సాయంత్రం రెండు రొట్టెలు తిన్నది. అత్తమ్మకు హుషారు వచ్చిందని గిరి, నేను పరదా వెనక సైగలు చేసుకుని మురిసిపోయాం.

ఆ మర్నాడు ఉమేరా గుడ్డ తొలగించి చూసి అట్లాగే నిలబడిపోయింది. తొడ మీద ఒక్క గీత లేదు. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. దాని మీద కొబ్బరినూనె.

"అమ్మా, గుర్తులేవి?"

"తుడిచిన."

"ఎందుకమ్మా? చెప్పిన కదా!"

"నా తొడ. నా ఇష్టం."

"మళ్లీ స్కాన్ తియ్యాలె, మళ్లీ లెక్క గట్టాలె. అప్పటిదాకా కరెంటు పెట్టరాదు. రోజులు పోతయి. ఎముక ఆగుతదా?"

"ఆగకుంటే దాని ఇష్టం."

గిరికి కోపం వస్తే మాట రాదు, చెవులు ఎర్రబడతాయి. రెండు చెవులూ మందారాల్లా అయ్యాయి. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. నేను పక్కన నిలబడి, "చదువుకోలేదు గదా, అర్థం కాక తుడిచిందేమో" అన్నాను.

"అర్థమయ్యే తుడిచింది" అన్నాడు గిరి.

"అంటే?"

"బేరం రద్దు చేసింది."

అప్పుడు చెప్పాడు. వాళ్ల దిక్కు గొర్రెల బేరగాడు మందలోకి వచ్చి, నచ్చినదాని తొడ మీద రంగుతో గుర్తు పెట్టి పోతాడు. బండి తెచ్చేదాకా అది మందలోనే మేస్తుంది, కానీ మనది కాదు. దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. అయితే బండి వచ్చేలోపు గొర్రెలవాళ్లకు మనసు మారితే, ఆ రంగు కడిగేస్తే చాలు. గుర్తు లేకపోతే బేరం లేదు. బేరగాడు కిక్కురుమనకుండా వెనక్కి పోవాలి. తిట్టకూడదు, తగవు పెట్టకూడదు. అదీ కట్టుబాటు.

"మా అమ్మ ఎన్ని కడిగిందో లెక్కలేదు. బాపు అమ్ముతడు, అమ్మ కడుగుతది. గాలయ్య అని ఒక బేరగాడు ఉండె. మా మందకాడికి వస్తే ముందుగాల మా అమ్మ ఇంట్ల ఉన్నదా, ఊరికి పోయిందా అని అడిగెటోడు."

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. గిరి జేబురుమాలు ఇచ్చాడు. అందులో నిన్నటి మరమరాలు రెండు ఉన్నాయి.

గదికి వచ్చాక నేను అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను. డిగ్రీ చదివినదాన్ని కదా, వివరంగా చెప్పాలనుకున్నాను.

"అత్తమ్మా, అది అమ్మిన గుర్తు గాదు. కరెంటు ఎక్కడ పడాల్నో చూపెట్టే గుర్తు."

"నాకు దెల్వదా పిల్లా? నేనేమన్న ఎడ్డిదాన్నా? మిషన్ కోసం గీసింది ఆ పిల్ల. మంచి పిల్ల. చేతులు సల్లగున్నయి గని మంచి పిల్ల."

"మరెందుకు తుడిచినవ్?"

ఆమె కిటికీ వైపు మొహం తిప్పింది. "నాలుగేండ్ల కింద రొమ్ము మీద గీసిండ్రు. ఊకున్న. తెల్లారి రొమ్ము లేదు. ఇప్పుడు తొడ మీద గీసిండ్రు. అవతల ఎన్నుపూసల మచ్చ ఉన్నదట, ఆడ గీస్తరు. నన్ను ఒక్కసారి కొనుక్కపోతలేడు మల్లికా, ముక్కలు ముక్కలు బేరం చేస్తున్నడు. ఒక్కపారి ఊకున్న. రెండోపారి ఊకోను."

ఎవడు బేరం చేస్తున్నాడో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. లేచి పరదా అవతలికి పోయి, బియ్యం కడుగుతూ కూర్చున్నాను. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగాను.

రెండు రోజులు అట్లాగే పోయాయి. నొప్పి ఎక్కువైంది. మూత్రానికి లేపాలన్నా గిరి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకోవాలి. కాలు కొంచెం తగిలితే చాలు, ఆమె పెదవి కొరుక్కునేది. "దవాఖానకు పోదాం అమ్మా" అని గిరి అడుగుతాడు. "గీతలు గీయకుంట పెడితే పోదాం" అని ఆమె అంటుంది. ఎముక ఎప్పుడు పటుక్కుమంటుందో అని, అన్నం గిన్నె మూత కింద పడినా నేను మంచం దగ్గరికి ఉరికేదాన్ని.

మూడో రోజు పొద్దున్న గిరి ఫోన్లో మా మామతో మంద సంగతులు మాట్లాడుతున్నాడు. మన గొర్రెలు రెండు పక్క మందలో కలిసిపోయాయట. మామ పోయి పట్టుకొచ్చాడట. ఫోన్ పెట్టేశాక నేను అడిగాను. నిజంగానే తెలియక అడిగాను.

"అన్ని గొర్రెలు ఒక్కతీరుగనే ఉంటయి గదా, మనవని మామ ఎట్ల గుర్తువట్టిండు?"

"గుర్తు ఉంటది గదా."

"గుర్తు అమ్మేటివాటికి గదా పెట్టేది?"

"అది బేరగాడు పెట్టేది. ఉంచుకునేటివాటికి మనం పెడుతం. నీలం రంగు. నెలవంక, దాని కింద ఒక అడ్డగీత. మన గొర్రె ఏ మందల కలిసినా ఎవడూ ముట్టడు."

"ఎవరు పెడుతరు? మామనా?"

"అమ్మనే. ఇంకెవరు పెట్టినా ఊకోదు."

మంచం కిర్రుమంది. అత్తమ్మ మోచేతుల మీద లేచి మా వైపే చూస్తోంది. మొహంలో నొప్పి ఉంది. దాని మీద ఇంకేదో కూడా ఉంది. సంతలో మంచి పొట్టేలును చూసినప్పుడు మనిషి మొహంలో వచ్చేదేదో అది.

"ఆ పిల్లకాడ నీలం పెన్ను ఉంటదా?" అంది.

"ఊదా రంగే ఉన్నట్టుందమ్మా."

"నీలం పెన్ను కొనుక్కరా."

గిరి చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు.

దవాఖానలో అత్తమ్మ బల్ల మీద పడుకుని ఉమేరా చేయి పట్టుకుంది. "బిడ్డా, నువ్వు గీసుకో. ఎన్నన్న గీసుకో. గని ముందుగాల నేను ఒకటి పెట్టుకుంట."

ఉమేరా నా వైపు చూసింది. నేను గబగబా అంతా చెప్పాను. గొర్రెలు, బేరగాడు, నెలవంక, గాలయ్యతో సహా. ఆమె నవ్వలేదు. తాను గీయాల్సిన చోటు చూసుకుంది.

"నా గీతల కాడ వద్దమ్మా, నాకు గడబిడ అయితది. మోకాలి మీద పెట్టుకోండ్రి."

నేను వెనక నుంచి పట్టుకుని లేపితే, అత్తమ్మ నీలం పెన్నుతో మోకాలి చిప్ప మీద నెలవంక వేసింది. ఒక కొన వంకరపోయింది. కింద అడ్డగీత మాత్రం తిన్నగా గీసింది. పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చి మళ్లీ పడుకుంది.

"ఇగ గీయి. గీ గొర్రె నాది. నేను ఉంచుకునేది. నువ్వు దానికి మందు పెడుతున్నవ్, గంతే."

"సరేనమ్మా. అయితే మీ గొర్రెను జర కదలకుండ ఉండుమని చెప్పుండ్రి" అంది ఉమేరా.

"నా గొర్రె నా మాట ఇంటది. నీ మిషన్ సంగతి చూసుకో."

మళ్లీ స్కాన్ తీశారు, మళ్లీ లెక్క కట్టారు. కరెంటు మొదలైన రోజు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి అందరం బయటికి వచ్చాం. ఆ పెద్ద తలుపు మెల్లగా మూసుకుంది. లోపల ఎవరూ ఉండకూడదు. బయట పెట్టిన టీవీలో ఆమె చిన్నగా కనిపిస్తోంది. మిషన్ తల ఆమె చుట్టూ తిరుగుతోంది. ఆమె కదలడం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"దేవునికి మొక్కుతున్నది" అన్నాను.

గిరి టీవీ దగ్గరికి పోయి చూశాడు. "మొక్కుతలేదు. తిడుతున్నది" అన్నాడు.

అక్కడ రోజూ మాతో పాటు కూర్చునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. రామచంద్రం సారు, రిటైరైన టీచర్. ఆయనకు వెన్నులో కరెంటు పెడుతున్నారు. ఒకరోజు ఆయన నిట్టూర్చి, "ఇదంతా నొప్పికేనమ్మా, రోగానికి కాదు" అన్నాడు.

"నొప్పి తగ్గుడంటే తక్కువనా సారూ?" అంది అత్తమ్మ చక్రాల కుర్చీలోంచి. "నువ్వెన్నడన్న పురుడు పోసుకున్నవా?"

రామచంద్రం సారు ముందు బిత్తరపోయాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, వెన్ను నొప్పి లేచి, "నవ్వించకు తల్లీ" అని బతిమాలాడు. ఆ తర్వాత రోజూ ఆమె పక్కనే కూర్చునేవాడు.

అంతా ఇట్లా నవ్వులతోనే పోలేదు. కరెంటు మొదలైన కొద్ది రోజులకే నొప్పి తగ్గడానికి బదులు ఎగిసింది. కొందరికి మొదట్లో అట్లా అవుతుందని డాక్టర్ ముందే చెప్పాడు, గోళీలు ఇచ్చాడు. కానీ చెప్పడం వేరు, చూడడం వేరు. ఆమె తువ్వాలను పళ్ల మధ్య పెట్టుకుని, మంచం పట్టీని పట్టుకుని, "నీ పాడెగట్ట, నీ కండ్లు పేల" అని తొడను తిట్టేది. ఒళ్లంతా నీరసం, అన్నం చూస్తే వికారం. ఒక మధ్యాహ్నం నేను తట్టుకోలేక షగుఫ్తా ఆపా వంటింట్లోకి పోయి, ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను. ఆమె చింతపండు పులుపు వేసిన పప్పు గిన్నెలో పోసి, "ఇది తింటదేమో చూడు" అని ఇచ్చింది.

అత్తమ్మ తిన్నది. తిని నా మొహం చూసింది.

"ఏడ్చినవా?"

"లేదు."

"ముక్కు చెప్తున్నది. కాళ్ల పారాణి పోలేదు, అప్పుడే ఏడ్చుడు షురూ చేసినవా? ఇగో, నీ మొగణ్ణి తీసుకొని ఆ గుండు ఎక్కు పో."

"నిన్ను ఇట్ల విడిచిపెట్టా?"

"షగుఫ్తా ఉన్నది. పొమ్మంటే పో. నాకు నొప్పి ఉంటే మీరు గుండు ఎక్కొద్దని రాసున్నదా? ఆ రోగం నా తొడ తిన్నది. నీ మనువు గూడ తింటనంటే నేను ఊకుంటనా?"

పోయాం. మెట్లు ఎక్కుతుంటే గాలి, గిరి చేయి, కింద బొమ్మరిళ్లలా ఊరు. సగం దూరంలో గిరి ఫోన్ మోగింది.

"ఏడున్నరు? కనవడుతలేరు."

"సగానికి వచ్చినమమ్మా. మల్లిక చున్నీ ఊపుతున్నది, చూడు."

"కనవడుతలేదు. ఇంక పైకెక్కుండ్రి."

పైకెక్కి ఇద్దరం చున్నీ చెరో కొన పట్టుకుని పిచ్చివాళ్లలా ఊపాం. "ఎర్రగ ఏదో ఉన్నది. మీరో, కోతో" అంది. గిరి నన్ను అక్కడే అందరి ముందు గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం నవ్వుతున్నామో ఏడుస్తున్నామో ఎవరైనా చూసి చెప్పాల్సిందే.

మర్నాడు మళ్లీ కరెంటు. ఆ మర్నాడు కూడా. ఆమె ఒక్క రోజు మానలేదు. చివరి రోజు ఉమేరా "అయిపోయిందమ్మా" అంటే, "ఇంకోటి పెట్టరాదు, అలవాటైంది" అంది. ఊరి దారి గతుకులని, ఎముక గట్టిపడేదాకా కదలొద్దని డాక్టర్ అన్నందుకు గది ఖాళీ చేయలేదు. ఎండలు ముదిరాయి. నొప్పి ఒక్కసారిగా పోలేదు. ముందు గోళీలు తగ్గాయి. తర్వాత తువ్వాలు మూలకు పోయింది. తర్వాత ఒకరోజు మంచం మీద కూర్చుని షగుఫ్తా ఆపాకు మాంసం ఎట్లా వండాలో నేర్పబోయింది. ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. ఆ గొడవ విని గిరి, నేను సంతోషంతో పరదా వెనక చేతులు కలుపుకున్నాం.

తొలకరి పడ్డాక డాక్టర్ మళ్లీ ఎక్స్‌రే తీయించాడు. వెలుతురుకు పెట్టి చూపించాడు. చెదలు తిన్నచోట తెల్లగా పూడుకుంటోంది.

"కర్ర పట్టుకుని నడవొచ్చు. మెల్లగా. వెన్నులో మచ్చ అట్లాగే ఉంది, మందులు మానొద్దు. మళ్లీ రావాల్సి రావొచ్చు."

"వస్త" అంది అత్తమ్మ. "పిలిచినప్పుడల్లా వస్త. అప్పటికి నా కోడలు కడుపుతోని ఉంటదేమో, గీ మెట్లు లేని దారి చూపెట్టుండ్రి."

నేను సిగ్గుతో ఎక్స్‌రే కవరు వెనక మొహం దాచుకున్నాను. డాక్టర్ దగ్గాడు.

బయట పొడవాటి వరండా, దాని చివర గేటు, గేటు అవతల చోటే మియా ఆటో. సామాను అందులో ముందే సర్దేశాం. ఇక్కడి నుంచి నేరుగా ఊరికే. గిరి చేయి అందించాడు.

"తియ్యి" అంది అత్తమ్మ.

"పడితే?"

"పడను. మీరిద్దరు ముందర నడువుండ్రి."

"నువ్వు?"

"మందను తోలెటోళ్లు ముందర నడుస్తరారా? నేను ఎనక వస్త. ఎవలన్న తిరిగి చూసిండ్రంటే గీ కర్రతోనే ఒక్కటేస్త."

మేం ముందు నడిచాం. వెనక కర్ర టక్కుమంది. చెప్పు ఈడ్చిన చప్పుడు. మళ్లీ కర్ర. గిరి చేయి నా చేతిలో చెమటతో తడిసిపోయింది. ఎదురుగా చోటే మియా ఆటోలోంచి దిగి, మా వైపు కాదు, మా వెనకకు చూస్తున్నాడు. ఆయన మొహమే మాకు అద్దం. ఆ మొహంలో భయం కనిపిస్తే గిరి అడుగు తడబడుతుంది. నవ్వు కనిపిస్తే నేను మెట్టెల చప్పుడు చేస్తూ నడుస్తాను.

సగం దూరంలో కర్ర ఆగింది. చెప్పు ఆగింది. గిరి వేళ్లు నా వేళ్లను నొప్పి పెట్టేలా బిగించాయి. మేం కూడా ఆగిపోయాం. వెనక ఎగపోస్తున్న ఊపిరి. చోటే మియా ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. ఆయనకేదో సైగ అందినట్టుంది, మళ్లీ వెనక్కి జరిగాడు.

"ఏంది, ఆగిండ్రు?" అంది అత్తమ్మ మా వీపుల వెనక నుంచి. "పెండ్లి ఊరేగింపా? బ్యాండు రావాల్నా? నడువుండ్రి!"

నడిచాం.